గాలిచాటు: మాల్టా తీరం వెంట చిన్న మోటారు పడవలో

(కాకినాడలో ఒక గ్రంథాలయం హాల్లో సాయంత్రం పూట చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న వాళ్లకి వినబడుతోందా? సరే.

నన్ను పిలిచిన మాస్టారు ఫోన్లో "మధ్యధరా సముద్రంలో పడవ విహారం అని బోర్డు మీద రాయిస్తున్నాం" అన్నారు. విహారం అనగానే మీ కళ్ల ముందు తెల్లటి పెద్ద యాట్, దాని మీద సోఫాలు, చేతిలో గ్లాసు పట్టుకున్న మనుషులు కనబడి ఉంటారు. నా పడవ పొడవు అయిదున్నర మీటర్లు. నీడకి ఇనుప కమ్మీల మీద ఒక గుడ్డ పందిరి. వెనక బయటికి తగిలించిన 70 గుర్రాల అవుట్‌బోర్డ్ ఇంజిన్. అది కూడా పూర్తిగా నాది కాదు, సగం వాటా. మిగతా సగం మా యార్డులో పనిచేసి రిటైరైన ఒక గోజో ముసలాయనది. సోఫా లేదు. చేపల వాసన మాత్రం ఎప్పుడూ ఉండేది, ఆయన పుణ్యమా అని.

నేను 2016లో మాల్టా వెళ్లాను. ఏడేళ్లు ఓడల మరమ్మతు యార్డులో ఇంజిన్ ఫిట్టర్‌గా చేశాను. మాల్టా అంటే ఇటలీకి కింద, సిసిలీకి దక్షిణంగా ఉన్న దేశం. మొత్తం దేశం 316 చదరపు కిలోమీటర్లు. మాల్టా, గోజో, మధ్యలో కొమీనో, ఈ మూడే మనుషులుండే దీవులు. పెద్ద దీవి పొడవు 27 కిలోమీటర్లు. అంటే ఇక్కడినుంచి సామర్లకోట వెళ్లి తిరిగొచ్చినంత. పడవలో చుట్టూ తిరిగితే 70, 80 కిలోమీటర్లు వస్తుంది. పొద్దున బయల్దేరితే భోజనాల వేళకి చుట్టి వచ్చేయొచ్చు అనుకున్నాను నేను కూడా. ఏడేళ్లలో ఒక్కసారి కూడా ఒకే రోజులో చుట్టింది లేదు. ఎందుకో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

పడవ కొన్న మొదటి ఆదివారం సెయింట్ పాల్స్ బే జెట్టీ దగ్గర నిలబడి, "ఇవాళ ఎక్కడికెళ్దాం?" అని ముసలాయన్ని అడిగాను. ఆయన నాకేసి చూడనేలేదు. ఎదురుగా మేడ మీద ఆరేసిన దుప్పట్లు ఎటు ఊగుతున్నాయో చూశాడు. "గాలి ఎటో చూసి అడుగు" అన్నాడు. నేను ఊరి పేరు అడుగుతున్నాను, ఆయన దిక్కు పేరు చెబుతున్నాడు.

మాల్టా వాళ్లకి ఎనిమిది గాలులకి ఎనిమిది పేర్లున్నాయి. ఉత్తరం గాలి త్రముంతానా, తూర్పుగాలి ల్వాంత్, పడమటి గాలి పునెంత్, దక్షిణం గాలి నోఫ్సిన్‌హార్. మూలలకి కూడా పేర్లున్నాయి. ఈశాన్యం గాలి గ్రీగాల్, ఆగ్నేయం ష్లొక్, నైరుతి ల్బీచ్, వాయవ్యం మయ్యిస్త్రాల్. యార్డులో ఇంగ్లీషు వాళ్లు ఈ మూలలు చెప్పాలంటే నార్త్ అనీ ఈస్ట్ అనీ రెండేసి మాటలు అతికించాలి. మనకి ఆ బాధ లేదు. ఇల్లు కట్టేటప్పుడు వాస్తు సిద్ధాంతి బుర్ర తినేసిన పుణ్యాన ఆ నాలుగు మూలలూ నాకు నోటికొచ్చు. (నవ్వులు) జీవితంలో వాస్తు నాకు పనికొచ్చింది అక్కడే. ఇంకో తమాషా ఏమిటంటే, వాయవ్యం మూల వాయుదేవుడిదని కదా మనం అంటాం. మాల్టాలో ఏడాదిలో ఎక్కువ రోజులు వీచేది సరిగ్గా ఆ మూలనుంచే, మయ్యిస్త్రాల్.

ఇప్పుడు దీవి ఆకారం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఒక పళ్లేన్ని నీళ్లలో పెట్టి ఒక అంచు కింద వేలు పెట్టి ఎత్తారనుకోండి. ఎత్తిన అంచు నైరుతి, మునిగిన అంచు ఈశాన్యం. మాల్టా అంతా సున్నపురాయి. ఆ రాయి మొత్తం అలా ఒరిగిపోయింది. అందుకని నైరుతి వైపు డింగ్లీ కొండలు దాదాపు 250 మీటర్లు నిట్టనిలువుగా లేస్తాయి. ఈశాన్యం వైపు నేల మెల్లగా సముద్రంలోకి దిగిపోయి, లోయల్లోకి నీళ్లు జొరబడి అఖాతాలు, రేవులు ఏర్పడ్డాయి. రాజధాని వల్లెట్టా పక్కనున్న పెద్ద రేవు అలా వచ్చిందే. మేం పడవ కట్టే సెయింట్ పాల్స్ బే కూడా అంతే. ఆగ్నేయం కొసన ఉన్న మార్సష్లొక్ కథ వేరు. మార్సా అంటే రేవు, ష్లొక్ అంటే ఆగ్నేయం గాలి. ఏ గాలి తగులుతుందో ఊరి పేరులోనే రాసేసి పెట్టారు.

అంటే చూడండి, తలదాచుకునే చోట్లన్నీ దీవికి ఒక పక్కనే. రెండో పక్క మైళ్ల తరబడి గోడ. మయ్యిస్త్రాల్ వీస్తే దీవే మనకి అడ్డు, మిట్టమధ్యాహ్నం కూడా ఆగ్నేయం పక్క చెరువులా ఉంటుంది. గ్రీగాల్ వీచిందంటే ఆ రేవుల నోళ్లన్నీ దానికి ఎదురుగా తెరుచుకుని ఉంటాయి. దాన్నుంచి ఏ పక్క దాక్కోవాలి? దక్షిణం పక్కకి పోవాలి. అక్కడేమో కొండలు. కాకినాడ వాళ్లకి గాలిచాటు గురించి నేను చెప్పక్కర్లేదు. హోప్ ఐలండ్ అడ్డంగా పడుకోబట్టే కదా మన బే బేలా ఉంది. మనకి దీవి కట్టి ఉంచినట్టు ఒకే చోట ఉంది. అక్కడ గాలిని బట్టి చాటు రోజూ చోటు మారుతుంది.

ఈ గ్రీగాల్ మీలో కొందరికి వేరే పేరుతో తెలుసు. చర్చికి వెళ్లే వాళ్లెవరైనా ఉన్నారా? బైబిల్లో అపొస్తలుల కార్యముల్లో పౌలు ఎక్కిన ఓడని ఈడ్చుకుపోయిన పెనుగాలి పేరు గుర్తుందా? ఊరకులోను. అవునండీ, మీరు చెప్పింది కరెక్టే. ఆ ఓడ చివరికి చేరిన మెలితే అనే ద్వీపం ఇదే, మాల్టా. మా పడవ కట్టే అఖాతానికి సెయింట్ పాల్స్ బే అని పేరొచ్చింది అందుకే. ఓడ విరిగింది అక్కడేనని వాళ్ల నమ్మకం. ఫిబ్రవరి 10న దానికి దేశమంతా సెలవు. ఓడ పగిలిన రోజుకి పండగ చేసుకునే దేశం ఇంకెక్కడైనా ఉందో లేదో. నేను చర్చికెళ్లే వాణ్ని కాదు. కానీ ఆ అధ్యాయం ఇంజిన్ మాన్యువల్‌లాగా పదిసార్లు చదివాను. 276 మంది ఉన్న ఓడ, రాత్రి, ఒడ్డు దగ్గరపడుతున్నట్టు నావికులకి అనుమానం వచ్చింది. బుడుదు వేసి చూశారు. అంటే తాడుకి కట్టిన సీసపు గుండు. 20 బారల లోతు. ఇంకాస్త పోయాక 15 బారలు. వెంటనే వెనక భాగం నుంచి నాలుగు లంగర్లు వేసి తెల్లారేదాకా కూర్చున్నారు. బార అంటే చేతులు రెండూ చాపినంత పొడవు. మన చేపల వేటగాళ్లు ఇప్పటికీ లోతు బారల్లోనే చెబుతారు. ఆ నావికులు చేసింది మేం చేసే పనే. మా దగ్గర బుడుదు బదులు చిన్న స్క్రీను ఉంది, అంతే తేడా.

లంగరు దగ్గర కాస్త ఆగుతాను. ఎందుకంటే కొత్తగా పడవ నడిపే వాళ్లు స్టీరింగు గురించి టెన్షన్ పడతారు, లంగరు గురించి పడరు. లంగరు బరువుతో పడవని ఆపుతుందనుకుంటారు. కాదు. అది నేలలోకి గుచ్చుకుని పట్టుకోవాలి. పట్టుకోవాలంటే తాడు ఏటవాలుగా లాగాలి. నిలువుగా లాగితే ఊడొస్తుంది. అందుకని లోతు 5 మీటర్లుంటే కనీసం 20, 25 మీటర్ల తాడు వదలాలి. గాలి పెరిగితే ఇంకా వదలాలి.

ఎక్కడ వేయాలన్నది రెండో ప్రశ్న. అక్కడి నీళ్లు ఎంత తేటంటే, ఆరేడు మీటర్ల లోతులో ఇసుక మీద మా పడవ నీడ కనబడేది. నీడ పక్కనే మా ఇద్దరి తలల నీడలు కూడా. మొదటిసారి చూసినప్పుడు గాల్లో వేలాడుతున్నట్టనిపించి అంచు పట్టుకున్నాను. ఆ తేట నీళ్లలో అడుగున తెల్లటి మచ్చలు, నల్లటి మచ్చలు కనిపిస్తాయి. తెల్లవి ఇసుక. నల్లవి పొసిడోనియా అనే గడ్డి. చాలామంది నాచు అనుకుంటారు. నాచు కాదు, వేళ్లూ ఆకులూ ఉండి పూలు పూసే మొక్క. అది ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పాకుతుంది. ఒక పడవవాడు అందులో లంగరు వేసి ఈడిస్తే మన చేలో దున్నపోతు పడ్డట్టే. ఒక సాలు లేచిపోతుంది, మళ్లీ పూడాలంటే మన జీవితకాలం చాలకపోవచ్చు. అందుకే దాన్ని యూరప్‌లో చట్టం పెట్టి కాపాడుతున్నారు. పైగా ఆ గడ్డిలో లంగరు సరిగా పట్టదు కూడా. కాబట్టి తెల్ల మచ్చ వెతుక్కుని, గాలికి ఎదురుగా ముక్కు పెట్టి, మెల్లగా దింపాలి. విసరకూడదు. సినిమాల్లో విసురుతారు.

ఇంకో విషయం, మన దగ్గర ఆటుపోట్లకి మీటరుకి అటూ ఇటూగా తేడా వస్తుంది కదా. మాల్టాలో ఒక జానెడు, అంతే. పొద్దున కట్టిన తాడు సాయంత్రం దాకా సర్దక్కర్లేదు. ఇది నాకు చాలాకాలం వింతగా ఉండేది. తాడు సర్దడానికి లేచి వెళ్లేవాణ్ని, సర్దడానికేమీ ఉండేది కాదు.

సరే, చోట్ల గురించి అడుగుతారు కాబట్టి చెప్తాను. మా అఖాతం నుంచి వాయవ్యంగా పోతే మెల్లీహా, ఆ తర్వాత కొస తిరిగితే కొమీనో. కొమీనోని మాల్టీస్‌లో కెమ్మూనా అంటారు. కెమ్మూన్ అంటే ఏమిటో తెలుసా? జీలకర్ర. ఒకప్పుడు అక్కడ పండించేవారట. దీవి దక్షిణాన, నడిసముద్రంలో ఇంకో రాతి ముక్క ఉంది, ఫిల్‌ఫ్లా. ఆ పేరు మిరియాలకి అరబ్బీలో ఉన్న మాట నుంచి వచ్చిందంటారు. ఒక కొసన జీలకర్ర, ఇంకో కొసన మిరియాలు. మాల్టా మధ్యలో చింతపండు ఒక్కటుంటే చారు పెట్టేసుకోవచ్చు. (నవ్వులు) ఈ ఫిల్‌ఫ్లా దగ్గరికి మాత్రం పోకూడదు. బ్రిటిష్ వాళ్లు 1971 దాకా దాన్ని గురిచూసి కాల్చడానికి వాడుకున్నారు. పేలని గుండ్లు ఇంకా అడుగున ఉన్నాయి. ఇప్పుడు అది పక్షులకి వదిలేసిన రక్షిత ప్రాంతం.

కొమీనో దగ్గర బ్లూ లగూన్ ఉంటుంది. మీరు ఇంటర్నెట్‌లో చూసే ఫోటోలన్నీ దానివే. ఫోటోలు అబద్ధం కాదు, నీళ్లు నిజంగానే ఆ రంగు. కింద తెల్ల ఇసుక, లోతు తక్కువ, అందుకని. కానీ ఆగస్టులో వెళ్తే తీర్థంలా ఉంటుంది. జనం ఎంత పెరిగారంటే 2025 నుంచి అక్కడ దిగాలంటే ముందే స్లాట్ బుక్ చేసుకోవాలని పెట్టారు. మేం నవంబర్లో వెళ్లేవాళ్లం. నీళ్లు అప్పటికీ పెద్దగా చల్లబడవు. వేసవంతా పీల్చుకున్న వేడిని సముద్రం అంత తొందరగా వదలదు. మా పడవ, ఒక మేక, మేం. మేక ఎవరిదో తెలీదు.

వల్లెట్టా గురించి నేను చెప్పను, అందరూ చెబుతారు. ఒక్క మాట మాత్రం. ఆ పెద్ద రేవులో 1878లో దాదాపు 7,000 మంది భారత సైనికులు దిగారు. రష్యా వాళ్లని బెదిరించడానికి బ్రిటిష్ ప్రభుత్వం పిలిపించింది. వాళ్లలో మద్రాసు సాపర్లూ, అంటే వంతెనలూ రోడ్లూ కట్టే సైనికులూ ఉన్నారు. సాపర్లలో మన తెలుగువాళ్లు అప్పట్నుంచీ చేరేవారు కదా. ఆ కోటగోడ పక్కనుంచి పోయినప్పుడల్లా, అన్నం దొరక్క మనలాగే బ్రెడ్డు తిని విసుక్కున్న ఒక గోదావరి కుర్రాడు అందులో ఉండే ఉంటాడనుకునేవాణ్ని.

ఇప్పుడు అసలు కథకొస్తాను. అక్టోబరు నెల. రాజమండ్రి నుంచి మా బావగారు వచ్చారు. గోజో పడమటి వైపు ద్వేరా చూపించాలని నా కోరిక. అక్కడ అజ్యూర్ విండో అని రాతి తోరణం ఉండేది. 2017 మార్చి 8న తుఫాను గాలికి కూలిపోయింది, స్తంభంతో సహా. నేను దాన్ని ఒక్కసారే చూశాను. ఇప్పుడక్కడ తోరణం లేదు, దాని గురించి చెప్పే జనం ఉన్నారు. కానీ పక్కనే కొండ వెనకాల చిన్న కొలను ఉంది, ఇన్‌లాండ్ సీ అంటారు. కొండలో 80 మీటర్ల సొరంగం, అందులోంచి పడవలో సముద్రంలోకి పోవచ్చు. ఎదురుగా ఫంగస్ రాక్ అనే గుట్ట. దాని మీద పెరిగే ఎర్రటి మొక్క రక్తం కట్టడానికి మందని నమ్మి, ఒకప్పుడు మాల్టాని ఏలిన నైట్లు, అంటే క్రైస్తవ యోధులు, ఆ గుట్టకి కాపలా పెట్టారు. అది ఫంగస్ కూడా కాదు, వేరే మొక్కల వేళ్ల మీద బతికే మొక్క.

ఆ రోజు పొద్దున గాలే లేదు. మధ్యాహ్నానికి ల్బీచ్ వస్తుందని, గాలి బలం కొలిచే బ్యూఫోర్ట్ లెక్కలో 4 ఉంటుందని ఫోర్‌కాస్ట్‌లో ఉంది. అంటే గంటకి 20 నుంచి 28 కిలోమీటర్లు. రెండింటికల్లా వెనక్కొచ్చేద్దాం అనుకున్నాను. ముసలాయన ఫోన్లో "ల్బీచ్ వస్తే గోజో దక్షిణం పక్క ఉండకు" అన్నాడు. సరేనన్నాను. ద్వేరా చూశాం. ష్లెందీలో భోజనం చేశాం. బావగారికి చేప నచ్చింది, ఇంకో ప్లేటు చెప్పారు. అక్కడే గంట పోయింది. తప్పు ఆయనది కాదు. వాచీ నా చేతికే ఉంది.

తిరుగు దారిలో తా చెంచ్ కొండల కింద ఉన్నాం. అవి నూట నలభై మీటర్ల పైనే ఉంటాయి, గోడలాగా. ల్బీచ్ మొదలైంది. నైరుతి నుంచి వచ్చి సూటిగా ఆ గోడకే కొడుతుంది. కొండకి కొట్టిన అల చచ్చిపోదు, తిరిగొస్తుంది. వచ్చే అలా పోయే అలా కలిసి దిక్కూ దిశా లేకుండా పైకి లేస్తున్నాయి. అప్పుడు ఇంజిన్ అలారం. కీ... అని ఆపకుండా.

అవుట్‌బోర్డ్ ఇంజిన్ చల్లబడేది సముద్రపు నీటితోనే. కింద నీళ్లలో మునిగి ఉండే ఇంజిన్ కాలి దగ్గర జల్లెడలాంటి కన్నాల్లోంచి నీళ్లు పీల్చుకుని, ఇంజిన్ చుట్టూ తిప్పి వదిలేస్తుంది. అందులో కొంచెం, పక్కనుంచి సన్నని ధారగా బయటికి చిమ్ముతుంది, చిన్నపిల్లాడు గోడ పక్కన పోసినట్టు. ఆ ధార కనబడుతున్నంతసేపూ ఇంజిన్ క్షేమం. చూస్తే ధార లేదు, చుక్కలు పడుతున్నాయి. నేను ఇంజిన్ ఫిట్టర్ని, రోజూ ఇదే పని, అయినా పది నిమిషాలుగా దానికేసి చూడలేదు. కొండ ఫోటోలు తీస్తున్నాను.

ఇంజిన్ ఆపాను. ఆపగానే గాలి చప్పుడు వినబడింది. లంగరు వేశాను. 30 మీటర్ల తాడూ అయిపోయింది, అడుగు అందలేదు. అంత ఎత్తున్న కొండ నీళ్ల కింద కూడా అంతే నిటారుగా దిగిపోతుందని నాకు తెలుసు. తెలిసీ వేశాను. పడవ కొండ వైపు జరుగుతోంది. బావగారు ఏమీ అడగలేదు. తెడ్డు తీసుకున్నారు. చిన్నప్పుడు గోదావరి మీద నావ వేసిన చెయ్యి. ముక్కు గాలికి తిప్పి పట్టుకుని "నీ పని నువ్వు చూసుకో" అన్నారు. నేను ఇంజిన్ పైకి ఎత్తి, వెనక అంచు మీద బోర్లా పడుకుని చూశాను. ఇంజిన్ కాలికి చుట్టుకుని పల్చటి పారదర్శకపు కవరు, మన దగ్గర పళ్ల కొట్లో ఇస్తారే, అలాంటిది. నీళ్లలో అది ఉన్నట్టే కనబడదు. వేళ్లకి అందింది కానీ జారిపోతోంది. సగం కన్నాల్లోకి పీల్చుకుపోయింది. చాకుతో కోసి ముక్కలు ముక్కలుగా లాగాను. అలారం ఆగేదాకా ఇంజిన్ చల్లారాలి. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. కొండ మీద పొదల్లో ఒక్కో ఆకూ విడిగా కనబడేంత దగ్గరికి వచ్చాం. వీహెచ్‌ఎఫ్ రేడియో, ఆపదలో పిలిచే 16వ చానల్ మీద పెట్టి చేతిలో పట్టుకున్నాను. స్టార్ట్ అయింది. ధార వచ్చింది.

అక్కడినుంచి కొమీనో మీదుగా ఇంటికి పదిహేను కిలోమీటర్ల పైన. మధ్యలో రెండు దీవుల మధ్య జలసంధి. దానికి పడమటి నుంచి అలలు తోసుకొస్తున్నాయి. పెద్ద ఫెర్రీలు కూడా ఒరుగుతున్నాయి. నేను స్టీరింగు గోజో రేవు ఇమ్‌జార్ వైపు తిప్పేశాను. గోడ దాటి లోపలికి రాగానే నీళ్లు నూనె పోసినట్టున్నాయి. పడవని ముసలాయన మేనల్లుడి తాళ్ల పక్కన కట్టేసి, మామూలు జనంలా ఫెర్రీ ఎక్కాం.

ఆ ఫెర్రీలో ఒక ఏర్పాటుంది. మాల్టా నుంచి గోజో వెళ్లేటప్పుడు టికెట్ అడగరు. తిరిగొచ్చేటప్పుడే రెండు వైపులకీ కలిపి 4 యూరోల 65 సెంట్లు తీసుకుంటారు. వెళ్లినవాడు ఎలాగూ తిరిగి రావాలి కదా. మేం వెళ్లింది మా పడవలో, అయినా పూర్తి డబ్బులు కట్టాలి. నా పర్సు పడవలో ఉండిపోయింది. ఇద్దరికీ బావగారే కట్టారు. ముసలాయనకి ఫోన్ చేసి అంతా చెప్పాను. "కవరు సంగతి సరే, అప్పుడు గాలి ఎటుంది?" అన్నాడు. ల్బీచ్ అన్నాను. కాసేపు అవతలినుంచి ఏమీ వినబడలేదు. తర్వాత మాల్టీస్‌లో ఏదో అన్నాడు. నాకు అర్థమైంది కానీ ఇక్కడ లేడీస్ ఉన్నారు. (నవ్వులు)

మర్నాడు గాలి మయ్యిస్త్రాల్‌కి తిరిగింది. వాన వెలిసి, గోజో దక్షిణం పక్క మళ్లీ చెరువులా ఉంది. పడవ తెచ్చుకోవడానికి వెళ్లి, నిన్నటి కొండ దాకా ఒకసారి పోయి చూసొచ్చాం. బావగారే పోనిమ్మన్నారు. అదే కొండ, అదే చోటు. నీళ్లలో దాని నీడ కదలకుండా పడి ఉంది.

బావగారు ఇప్పటికీ ఏ పెళ్లిలో కలిసినా ముందు ఆ 9 యూరోల 30 సెంట్ల సంగతే తీస్తారు. ఇంకా ఇవ్వలేదు నేను. ప్రశ్నలుంటే అడగండి. ఆ వెనక, నీలం చొక్కా బాబు, చాలాసేపట్నుంచి చెయ్యెత్తుతున్నావు, చెప్పు.